ఫింటాస్‌లో సొరపిట్టు

నేను కువైట్ వెళ్ళొచ్చి అయిదు నెలలైంది. వెళ్ళొచ్చిన వాళ్ళు సముద్రం ఒడ్డున నీలం బుడగలు గుచ్చినట్టుండే టవర్ల గురించీ, బంగారం కొట్ల గురించీ చెబుతారు. నేనూ వాటితోనే మొదలుపెడదామని మూడుసార్లు కూర్చున్నాను. ప్రతిసారీ టవర్ల దగ్గరికి చేరకముందే కోపం వచ్చి కాగితం పక్కన పెట్టేశాను. అందుకని ఈసారి కోపాన్ని కూడా వెంటబెట్టుకునే రాస్తున్నాను.

ముందు నేనెందుకు వెళ్ళానో చెప్పాలి. రాజమండ్రిలో ఆడపిల్లల హైస్కూల్లో ముప్పై ఏళ్ళు సాంఘికశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. మా ఊళ్ళో ఒక చిన్న ఫిల్మ్ క్లబ్ ఉంది. విదేశీ సినిమాలు వేస్తారు. తెర కింద పరుగెత్తే ఇంగ్లీషు అక్షరాలు అందుకోలేనివాళ్ళ కోసం నేను పక్కన మైకు పట్టుకుని నిలబడి, ఎవరేమంటున్నారో తెలుగులో చెబుతుంటాను. పాఠం చెప్పిన నోరు కదా, ఊరుకోదు. ఈ సంగతి మా పిన్ని కొడుకు మురళి ద్వారా కువైట్‌లోని వాళ్ళ తెలుగు సంఘానికి తెలిసింది. ఒక సినిమా వేస్తున్నాం, అక్కయ్యగారిని రమ్మనండి, టికెట్ మేం పెట్టుకుంటాం అన్నారు. నేను ఎగిరి గంతేసి ఒప్పుకున్నాను.

సినిమా రెండో ప్రపంచయుద్ధం గురించి. యూరప్‌లో ఒక కొండ ఊరి హాస్టల్లో వంటచేసే ఆవిడ, పదకొండుమంది యూదు పిల్లలను మామూలు పిల్లల్లో కలిపేసి సైనికుల చేతికి చిక్కకుండా కాపాడిన కథ. ఈ అరబ్బు దేశంలో ఇలాంటి సినిమా వేయొచ్చా, ఎవరైనా ఏమైనా అనుకుంటారేమో అని సంఘం వాట్సాప్ గ్రూపులో వారం రోజులు వాదులాడుకున్నారట. చివరికి పిల్లల గురించిన సినిమాయే కదా అని తేల్చుకుని, బయట హాలు తీసుకోకుండా, మురళి వాళ్ళుండే బిల్డింగు బేస్‌మెంట్లోనే వేద్దామనుకున్నారు.

ఫింటాస్: బుధవారం

మురళి ఉండేది ఫింటాస్‌లో. సముద్రానికి రెండు వీధుల ఇవతల తొమ్మిదంతస్తుల బిల్డింగు. సగానికి పైగా మనవాళ్ళే, మిగతా మలయాళీలు. లిఫ్టులో ఇంగువ వాసన వస్తే మన అంతస్తు వచ్చిందని అర్థం. మురళి చమురు కంపెనీ కాంట్రాక్టరు దగ్గర ఇంజనీరు. భార్య సుజాత ఇంట్లోంచే కంప్యూటరు ఉద్యోగం చేస్తుంది. ఇద్దరు పిల్లలు. ఇంట్లో అందరూ మంచివాళ్ళే. ఈ మాట ముందే రాసి పెడుతున్నాను, తరవాత రాసే ఓపిక ఉంటుందో లేదో.

దిగిన మర్నాడు ఉదయం కో-ఆప్ సొసైటీ పక్కన బేకరీ ముందు నిలబడ్డాను. మట్టి పొయ్యి లోపలి గోడకు పిండి చరిచి తీస్తున్నారు. రొట్టె ఇరవై ఫిల్స్. మన డబ్బుల్లో అయిదారు రూపాయలు. చాటంత రొట్టె అంత చవగ్గా ఇవ్వడం, గుప్పెడు కరివేపాకుకు మాత్రం దానికి ఏడెనిమిది రెట్లు తీసుకోవడం చూసి, నేను ఈ దేశంలో రొట్టెలే తిని బతకాలని నిర్ణయించుకున్నాను.

ఆ నిర్ణయాన్ని చెడగొట్టింది ఆదిలక్ష్మి. సుజాత వాళ్ళింట్లోనూ, అదే బిల్డింగులో ఇంకో నాలుగిళ్ళలోనూ వంట చేస్తుంది. రాజోలు దగ్గర మనిషి. నలభై అయిదేళ్ళుంటాయి. ఇక్కడికొచ్చి పద్నాలుగేళ్ళు. ఆమె వీసా పక్కనే ఉన్న ఎగైలాలో ఒక ముసలావిడ ఇంట్లో పనికి. ఆ మామా, అంటే యజమానురాలు, వారంలో ఒకరోజు వచ్చి తన ఇల్లు చూసుకుంటే చాలని మిగతా రోజులు బయట చేసుకోనిస్తుంది. చట్టం ప్రకారం ఇది తప్పే. ఆమె చేత పని చేయించుకునే అయిదిళ్ళవాళ్ళదీ తప్పే. ఆ సంగతి అందరికీ తెలుసు, ఎవరూ మాట్లాడుకోరు. బిల్డింగు డాబా మీద హారిస్, అదే వాచ్‌మన్, అద్దెకిచ్చిన చిన్న గదిలో ఉంటుంది.

"టీచరుగారూ, మీరొచ్చేరని రొయ్యల ఇగురు సేసేనండి. ఆ రొట్టి పక్కనెట్టండి" అంది. పక్కన పెట్టాను.

షర్క్: గురువారం

గురువారం ఆదిలక్ష్మితో కలిసి షర్క్ చేపల మార్కెట్‌కు వెళ్ళాను. ఊరి మధ్యలో, గాజు ఆఫీసుల పక్కన, చలువ గదిలాంటి మార్కెట్. మా ఊళ్ళో చేపల మార్కెట్‌కు వెళ్ళాలంటే చీర కుచ్చెళ్ళు పైకి దోపుకోవాలి. ఇక్కడ నేల మీద అన్నం పెట్టుకుని తినొచ్చు. చందువను వీళ్ళు జుబైదీ అంటారు. దానికోసం ప్రాణం ఇస్తారు. కిలో ఎనిమిది దినార్లు చెప్పాడు. రెండు వేల రూపాయల పైమాటే. ఆ చేప నావంక జాలిగా చూసినట్టనిపించింది.

ఆదిలక్ష్మి బేరం చూసి తీరాలి. బంగ్లాదేశ్ చేపలవాడితో హిందీలో మొదలుపెట్టి, మధ్యలో అరబ్బీలోకి మారి, కోపం వస్తే రాజోలు భాషలోకి దిగిపోతుంది. అతనికి తెలుగు రాదు కానీ, ఆ భాషలోకి దిగినప్పుడే ధర తగ్గించేవాడు. "ఖలాస్, ఖలాస్" అంటూ దండం పెట్టి ఇచ్చాడు.

అన్నీ కొన్నాక, వెనక వరసలోకి వెళ్ళి ఒక సొరపిల్లను కొనుక్కుంది. దాన్ని వేరే సంచిలో వేసింది. సొరను మా గోదావరి వైపు ఎవరికి వండుతారో తెలియనివాళ్ళ కోసం చెబుతాను. ఉడికించి, చర్మం తీసి, ముద్ద చిదిపి, వెల్లుల్లితో పొడిపొడిగా వేయిస్తే సొరపిట్టు. పాలు పడాలని బాలింతకు పెడతారు. ఇష్టంకొద్దీ మిగతావాళ్ళూ తింటారు కానీ, ఇంట్లో సొర వండుతున్నారంటే పక్కింటివాళ్ళు ముందు అడిగేది మగబిడ్డా ఆడబిడ్డా అనే.

"ఎవరికి ఆదిలక్ష్మీ, ఎవరు బాలింత?" అని ఊరికే ఆటపట్టించాను.

"నాకేనండి. నడుం లాగేత్తంది. కాత్త సత్తువొత్తదని" అంది, సంచి ముడి వేస్తూ.

నేను నమ్మాను. చెమట పట్టిన మొహంతో అయిదిళ్ళ సంచులు మోస్తున్న మనిషికి నడుం నొప్పి ఉండటంలో అనుమానించేదేముంది.

బేస్‌మెంట్: శుక్రవారం

శుక్రవారం ఇక్కడ సెలవు. పదకొండింటికి బేస్‌మెంట్ నిండిపోయింది. కార్లు తీయించి, కుర్చీలు వేసి, గోడకు తెల్ల దుప్పటి కట్టారు. నలభైమంది దాకా వచ్చారు. ఆడవాళ్ళు పట్టుచీరల్లో, మగవాళ్ళు ఇస్త్రీ లాల్చీల్లో. ఇంజనీర్లు, డాక్టర్లు, బ్యాంకువాళ్ళు. అదే బిల్డింగులో ఉండే సంఘం అధ్యక్షుడు రామ్మోహన్ గారు, ఆయన భార్య జానకి గారు ఎదురొచ్చి నాకు శాలువా కప్పారు. వంటలు సర్దడానికి ఆదిలక్ష్మి, ఇంకో ముగ్గురు పనివాళ్ళు వెనక గోడ దగ్గర నిలబడ్డారు. ముందు పది కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. కూర్చోమన్నాను.

"పర్లేదండి, వాళ్ళకి నిలబడటం అలవాటే" అన్నారు జానకి గారు, వాళ్ళ తరఫున.

నాకు అప్పుడే అరికాలి మంట మొదలైంది. దాన్ని గొంతులోకి మళ్ళించి, వెనక గోడ దాకా వినబడేలా సినిమా చెప్పాను.

సినిమా బాగుంది. ఆ వంటావిడ దేవత కాదు. నోటి దురుసు మనిషి, బంగాళాదుంపలు లెక్కపెట్టుకునే పీనాసి. పిల్లలకు కొత్త పేర్లు నేర్పడానికి, పాత పేరుతో పిలిస్తే పలికారంటే సూప్ తగ్గించేది. ఆకలికి ఏడుస్తూ ఆ పిల్లలు తమ పేర్లు మరిచిపోవడం నేర్చుకుంటారు. చివరికి ఊళ్ళోవాళ్ళే ఎవరో చెప్పేస్తారు. సైనికులు వచ్చేసరికి పిల్లలను అడవి దారిన పంపించి, ఆవిడ మాత్రం ఏమీ ఎరగనట్టు పొయ్యి దగ్గర గరిటె తిప్పుతూ ఉంటుంది. ఆ చోట నేను మైకు దించేశాను. దీపాలు వేసి చూస్తే అందరూ కళ్ళు తుడుచుకుంటున్నారు. జానకి గారు వెక్కి వెక్కి ఏడుస్తున్నారు. రామ్మోహన్ గారు మైకు తీసుకుని, "ఆ రోజుల్లో మనం అక్కడ ఉండి ఉంటే మనమూ ఇదే చేసి ఉండేవాళ్ళం" అన్నారు. చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

నేను మంచినీళ్ళకు వెనక్కి వెళ్తే, ఆదిలక్ష్మి నెమ్మదిగా అడిగింది. "ఆవిడొక్కర్తే సేసినట్టు సూపించేరేంటండి? పదకొండుమందికి పాలు పోసినోళ్ళుండరా, గుడ్డలిచ్చినోళ్ళుండరా?"

"సినిమాలో లేరు ఆదిలక్ష్మీ."

"ఆయ్. ఆళ్ళని సూపించరులెండి" అంది.

భోజనాలు మొదలయ్యాయి. గుత్తివంకాయ, కోడి వేపుడు, ఎవరో ఊరినుంచి తెచ్చిన పూతరేకులు. అందరూ నా చుట్టూ చేరి కువైట్ ఎలా ఉందని అడిగారు. నలుగురు వింటుంటే నా నోటికి పగ్గాలుండవు. షర్క్ మార్కెట్ గురించి అభినయిస్తూ చెప్పాను. చందువ ధర, బంగ్లా చేపలవాడి దండాలు, అన్నీ. నవ్వుతున్నారు. ఆ ఊపులో, "మన సొర కూడా దొరుకుతుందండోయ్. ఆదిలక్ష్మి ఇంత సొరపిల్లను కొనుక్కుంది" అనేశాను.

జానకి గారి చేతిలో చెంచా ఆగింది. ఆవిడది కాకినాడ.

"సొరా? సొర ఎవరికండీ?"

"నడుం నొప్పికట" అన్నాను, ఇంకా నవ్వుతూనే.

"నడుం నొప్పికి సొరేంటి?" అన్నారు ఆవిడ. మిగతావాళ్ళు తినడం ఆపారు. సుజాత నెమ్మదిగా, "మా ఇంట్లో వాము డబ్బా రెండుసార్లు నింపాను వదినా, ఈ పది రోజుల్లో" అంది. మూడో అంతస్తు ఆవిడ, "నన్ను పాత నేతచీరలు అడిగింది. మెత్తగా ఉండాలండి, గంజి పెట్టనివి అంది" అన్నారు. ఇంకొకావిడకు నువ్వులనూనె సీసా గుర్తొచ్చింది. ఒక్కొక్కరూ ఒక్కొక్క ముక్క తెచ్చి ముందు పెడుతుంటే, నా కళ్ళ ముందే పైగదిలో ఒక బాలింత తయారైపోయింది. నేను పూతరేకు పట్టుకుని బొమ్మలా నిలబడ్డాను. చెప్పింది నేనే. ఈ పాపం ఎవరి నెత్తినా రుద్దడానికి లేదు.

రామ్మోహన్ గారు ఆదిలక్ష్మిని పిలిచి, పైన ఎవరైనా ఉన్నారా అని అడిగారు.

"ఆయ్, ఉందండి" అంది ఆదిలక్ష్మి. దాచలేదు. "రాయచోటి పిల్లండి. రెడ్డెమ్మని. ఆడబిడ్డండి. తొమ్మిదో రోజు ఇయ్యాల."

ఆ పిల్ల వేరే ఊళ్ళో ఒక ఇంట్లో పని చేసేది. అదే ఇంటి డ్రైవరు, వాళ్ళ వైపు వాడే, ఇద్దరు సాక్షుల ముందు గదిలో తాళి కట్టాడు. కాగితం లేదు. అయిదో నెలలో సెలవు మీద ఇండియా వెళ్ళినవాడు తిరిగి రాలేదు. పొట్ట కనబడ్డాక ఆ ఇంటివాళ్ళు పోలీసులను పిలుస్తామనేసరికి బయటపడింది. ఎగైలాలో కో-ఆప్ మెట్ల మీద సంచి పట్టుకుని కూర్చున్నదాన్ని ఆదిలక్ష్మి తెచ్చుకుంది. పురుడు తనే పోసింది. వాళ్ళమ్మ రాజోలులో మంత్రసానట, చూసి నేర్చుకుందట. ఇదంతా నాలుగు ముక్కల్లో చెప్పి ఊరుకుంది.

రామ్మోహన్ గారు కోపిష్టి కాదు. ఆయన చెప్పింది అబద్ధమూ కాదు. "పెళ్ళి కాగితం లేకుండా బిడ్డను కంటే ఇక్కడ జైలమ్మా. దాచినవాళ్ళకీ అంతే. వేలిముద్రలు తీసుకుని పంపించేస్తే మళ్ళీ ఈ దేశంలో అడుగు పెట్టనివ్వరు. ఇన్ని కుటుంబాలకు ఇక్కడుండనిచ్చే ఇఖామాలు, పిల్లల చదువులు ఉన్నాయి" అన్నారు.

"అయితే ఎంబసీకి తీసుకెళ్దాం" అన్నాను.

"ఇయ్యాలా రేపూ మూసేత్తారండి" అంది ఆదిలక్ష్మి. "ఆదోరం పొద్దున్నే ఎల్దామనే సూత్తన్నాను. ఆదోరానికి పదకొండో రోజు. నీళ్ళు పోసేసి తీస్కెల్దామని."

కావలసింది రెండు రోజులు. డాబా మీద, ఎవరికీ కనబడని గదిలో, ఆదివారం పొద్దున దాకా. నేను అడిగాను. బతిమాలాను. చివరికి అరిచాను కూడా. జానకి గారు, "ఆదిలక్ష్మీ, సాయంత్రంలోపు గది ఖాళీ అయిపోవాలి. లేకపోతే నేను హారిస్‌కు చెప్పక తప్పదు" అన్నారు. కాటుక ఇంకా బుగ్గల మీదే ఉంది.

మా వైపు పదకొండో రోజు పురిటి నీళ్ళు పోయకుండా బాలింతను గడప దాటించరు. తుమ్మితే ఆగి కూర్చునేవాళ్ళు, మంగళవారం గోళ్ళు తీయనివాళ్ళు, తొమ్మిదో రోజు బాలింతను నడివీధిలోకి పొమ్మన్నారు. చట్టం మాట అన్నారు. ఆదిలక్ష్మి చేత అయిదిళ్ళలో వంట చేయించుకున్న పద్నాలుగేళ్ళూ ఆ చట్టం ఏ గూట్లో పడుకుందో నేను అడిగాను. మురళి నా చెయ్యి పట్టుకుని, "అక్కా, పిల్లలిద్దరి చదువూ ఇక్కడేనే" అన్నాడు. తల ఎత్తలేదు. భయం నాకు అర్థమవుతుంది. ఉద్యోగం చేసినదాన్ని, పిల్లలను పెంచినదాన్ని, భయపడ్డవాళ్ళను తిట్టను. పావుగంట క్రితం ఏడ్చారే, ఆ ఏడుపే నాకు ఈ రోజుకీ అర్థం కాలేదు.

పైగది

ఆదిలక్ష్మి వెనకాలే డాబా ఎక్కాను. నీళ్ళ ట్యాంకుల మధ్య తడిక లాంటి తలుపు. లోపల వాము వాసన. రెడ్డెమ్మకు ఇరవై మూడేళ్ళుంటాయి. చెవులకు గుడ్డ కట్టుకుని గోడకు ఆనుకుని కూర్చుంది. ఒళ్ళో బిడ్డ, మూడో అంతస్తు ఆవిడ నేతచీరలో. పక్కన గిన్నెలో సొరపిట్టు, సగం తినింది.

"యాడికి పోవల్లక్కా ఇబ్బుడు?" అంది ఆదిలక్ష్మితో. మమ్మల్ని చూడగానే దానికి అర్థమైపోయింది.

"తినెయ్యి ముందు. యాడికెల్లాలో నేను సూత్తాను" అంది ఆదిలక్ష్మి. ఫోను తీసి అరబ్బీలో మాట్లాడింది. అవతలి గొంతు అరుస్తోంది. ఈమె కూడా అరిచింది. నేను ఇంకో తలుపు మూసుకుందనుకున్నాను.

"మామా వత్తందండి" అంది ఫోను పెట్టేసి. "ముందే ఎందుకు సెప్పలేదని తిడతంది."

"ఆవిడకు తెలుసా?"

"పాలడబ్బాలు ఆవిడియ్యేనండి. ఎవరికని అడగలేదు. నేనూ సెప్పలేదు."

నేను కిందకు దిగి నా బ్యాగు సర్దుకున్నాను. సుజాత, "నువ్వెక్కడికి వదినా, అందరూ ఏమనుకుంటారు?" అని ఏడ్చింది. ఆ రోజు ఆ బిల్డింగులో ఏడ్చినవాళ్ళను ఓదార్చే స్థితిలో నేను లేను.

ఎగైలా: శని, ఆదివారాలు

ఆదిలక్ష్మి మామా ఉమ్ జాసిమ్‌కు డెబ్భై అయిదు దాటి ఉంటాయి. నల్లటి అబాయా, చేతిలో కర్ర, పెద్ద కారు. డ్రైవరు శ్రీలంకవాడు. ఆ సాయంత్రమే వచ్చి, కారు దిగకుండానే కర్రతో వెనక సీటు చూపించి "యల్లా" అంది. రెడ్డెమ్మ, బిడ్డ, ఆదిలక్ష్మి, నేను ఎక్కాం. దారి పొడుగునా ఆదిలక్ష్మిని తిడుతూనే ఉంది. బిడ్డ ఏడ్చినప్పుడు మాత్రం ఆగేది.

ఎగైలాలో ఆవిడ ఇల్లు మాల్ వెనక వీధిలో. వాకిట్లో ఖర్జూరం చెట్లు, లోపల మా స్కూలు హాలంత ముందుగది. ఎవరి బిడ్డ, తండ్రి ఎవరు, ఎందుకొచ్చారు అని ఆ రెండు రోజుల్లో ఒక్క ప్రశ్న అడగలేదు. ఇంటికొచ్చినవాళ్ళను మూడు రోజులు అలా అడగకూడదట ఇక్కడ. మా సంఘంవాళ్ళు అడగకూడనివన్నీ అయిదు నిమిషాల్లో అడిగేశారు.

ఆవిడకు బాలింత పథ్యం గురించి గట్టి అభిప్రాయాలున్నాయి. ఆవగింజల్లాంటి ఎర్రటి గింజలను పిండి, నెయ్యి, చక్కెరతో ఉడికించి జావలా చేయించింది. దాన్ని ఆదిలక్ష్మి నాకి చూసి, చేదుగా ఉంది, వాము మంచిదంది. ఆవిడ వాము వేడంది. ఇద్దరూ గిన్నెలు పట్టుకుని రెడ్డెమ్మకు చెరోవైపు నిలబడి చాలాసేపు అరుచుకున్నారు. రెడ్డెమ్మ రెండూ తాగింది. వాళ్ళలో బాలింతకు నలభై రోజులు, మనలో పదకొండు అని చెబితే, పదకొండు రోజులకే లేపేస్తారా అన్నట్టు ఆ ముసలావిడ నావంక అసహ్యంగా చూసింది. తొమ్మిదో రోజునే లేపారని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఆవిడను దేవతను చేసి రాయడం నాకిష్టం లేదు. ఆదిలక్ష్మి పాస్‌పోర్టు పద్నాలుగేళ్ళుగా ఆవిడ బీరువాలోనే ఉంది. అది ఎవరిది, ఎవరి దగ్గరుండాలి అని ఆదిలక్ష్మి చేత అడిగించాను. ఆవిడకు ఆ ప్రశ్నే అర్థం కాలేదు. ఆ కోపం కూడా నాకింకా తగ్గలేదు. అయినా ఆ రెండు రోజులు తలుపు తెరిచింది ఆవిడ ఒక్కతే.

ఆదివారం పొద్దున పసుపు, నలుగు పెట్టి తల్లికీ బిడ్డకూ నీళ్ళు పోశాం. సాంబ్రాణి లేదే అనుకుంటుంటే, ఉమ్ జాసిమ్ బుఖూర్ ధూపం గిన్నె తెచ్చి, రెడ్డెమ్మ తడిజుట్టు కింద పట్టింది. మా అమ్మమ్మ కూడా సరిగ్గా అలాగే, జుట్టు పాయలు విడదీసి పట్టేది. పురిట్లో పాటలు పాడాలి కదా, నాకు ఒక్కటీ గుర్తు రాలేదు. ఆదిలక్ష్మి రెండు పాడింది.

ఎనిమిదింటికి బయల్దేరాం. నేను బిడ్డను ఒళ్ళో పెట్టుకున్నాను. జుట్టు తెల్లబడ్డదాన్ని, విజిట్ వీసా ఉన్నదాన్ని, అమ్మమ్మలా కనబడతానని ఆదిలక్ష్మి ఆలోచన. ఊరి దారిలో పోలీసులు కార్లు ఆపుతున్నారు. మాదీ ఆపారు. కుర్ర పోలీసు వెనక సీట్లోకి వంగాడు. రెడ్డెమ్మ చెయ్యి నా మోకాలి మీద చల్లగా తగిలింది. ముందు సీట్లోంచి ఉమ్ జాసిమ్ అద్దం దించి, కర్ర నేలకు కొట్టినట్టు కారు తలుపుకు కొట్టి, అతణ్ణి ఏదో గద్దించింది. అతను ఒకడుగు వెనక్కి వేసి, చెయ్యి గుండె మీద పెట్టుకుని, దారి చూపించాడు.

"ఏమంది?" అని అడిగాను.

"బిడ్డకి గాలి కొడతంది, తలకాయ బయటెట్టు, మీ అమ్మెవరు, ఆవిడికి ఫోను సేత్తాను అందండి" అంది ఆదిలక్ష్మి.

ఎంబసీ గేటు దగ్గర దిగాం. రెడ్డెమ్మ నా చేతుల్లోంచి బిడ్డను తీసుకుని, ఆదిలక్ష్మి కాళ్ళకు దండం పెట్టబోతే, "బాలింతవి, వంగకు" అని కసిరింది. తల్లీబిడ్డా లోపలికి వెళ్ళారు. కాగితాలు, విచారణలు, పరీక్షలు అన్నీ అయ్యేసరికి చాలా వారాలు పట్టిందట. పోయిన నెల రెడ్డెమ్మ రాయచోటి నుంచి ఫోను చేసింది. బిడ్డ ఏడుపు వినిపించింది. నేను నా వంటగదిలో కూర్చుని సిగ్గులేకుండా ఏడ్చాను.

రాజమండ్రి

పోయిన వారం జానకి గారు ఫోను చేశారు. కుశలప్రశ్నలయ్యాక, సంఘం ఈ ఏడాది సావనీరు వేస్తోందని, అందులో నాలుగు మంచి మాటలు రాసివ్వాలని అడిగారు. సినిమా రోజు గురించీ, "ఆ తరవాత మన సంఘం చొరవతో ఒక తల్లీబిడ్డా క్షేమంగా ఇంటికి చేరిన సంగతి" గురించీ రాయమన్నారు. నేను సరిగ్గా విన్నానో లేదో అని మళ్ళీ అడిగాను. మళ్ళీ అదే చెప్పారు. ఆ పేజీలో వేయడానికి బేస్‌మెంట్లో తీసిన ఫోటో కూడా పంపారు. అందరూ ఉన్నారు. నేను శాలువాతో మధ్యలో ఉన్నాను. వెనక గోడ దగ్గరివాళ్ళను కత్తిరించేశారు.

"ఆదిలక్ష్మి ఎలా ఉందండీ?" అన్నాను.

"తనా? మా బిల్డింగులో మాన్పించేశామండి. పక్క బిల్డింగులవాళ్ళకి కూడా చెప్పి ఉంచాం. రేపొద్దున మళ్ళీ ఎవరినైనా తెచ్చిపెడితే మనకెందుకు చెప్పండి. మనిషి మంచిదే. కానీ రిస్కు" అన్నారు. గొంతులో నిజంగానే జాలి ఉంది.

ఆదిలక్ష్మి ఇప్పుడు ఎగైలాలో ఉమ్ జాసిమ్ ఇంట్లోనే ఉంటోంది. అయిదిళ్ళ జీతం పోయింది. మొన్న నేను ఫోనులో క్షమించమంటే, "సొర మాట మీరెరిగి అన్నారేంటండి" అని తేల్చేసింది. ఎవరి మీదా కోపం లేదంది. నాకుంది. ఆమె వంతు కోపం కూడా నేనే పడుతున్నాను.

నాలుగు మంచి మాటలు రాయమన్నారు, రాశాను. పైనున్నవే ఆ మాటలు. నిన్న జానకి గారికి పంపించి, వేస్తే మొత్తం వేయండి, ఫోటో మాత్రం కత్తిరించనిది వేయండి అని కింద రాశాను.